పటావియంలో మురికి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ఆట గురించి, ఒకే బాధ గురించి. ఆట 'రోమ్: టోటల్ వార్'. 2004లో వచ్చింది. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: క్రీస్తు పూర్వం 270లో మొదలవుతుంది, ఒక్కో టర్ను ఆరు నెలలు. ఊళ్ళు పట్టుకోవాలి, పెంచుకోవాలి, సైన్యాలు నడపాలి. ఊరు పెరిగేకొద్దీ స్క్వాలర్ అనే లెక్క ఒకటి పెరుగుతుంది. అది జనాభా పెరుగుదలనీ తింటుంది, ఊళ్ళో శాంతినీ తింటుంది. మీ బాధ అదే.

నేను దాన్ని మురికి అంటాను. 31 ఏళ్ళు ఒక మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, నాకు వేరే మాట రాదు. మా అబ్బాయి ఉద్యోగానికి వెళ్తూ ఇంట్లో వదిలేసిన కంప్యూటర్లో ఈ ఆట ఉంది. రిటైరైన మొదటి వేసవిలో పొద్దు పోక తెరిచాను. యుద్ధాలు నాకు ఇప్పటికీ రావు, ఏనుగులు వస్తే పారిపోతాను. కానీ ఊరి వివరాల కాగితం తెరుచుకోగానే, జనాభా ఇంత, పెరుగుదల ఇంత, మురికి ఇంత అని వరసగా కనబడగానే, మళ్ళీ ఆఫీసు కుర్చీలో కూర్చున్నట్టయింది.

ప్రశ్న: నమస్కారం అంకుల్. ఆటలోని రోమన్ వంశాల్లో ఒకటైన జూలీతో ఆడుతున్నాను. ఉత్తర ఇటలీలోని పటావియం ఊరి జనాభా 27 వేలు దాటింది. మురికి కాలవలు, స్నానశాలలు, అక్విడక్ట్ (దూరం నుంచి నీళ్ళు తెచ్చే కాలవ) అన్నీ కట్టాను. ఆటల పోటీలు రోజూ పెట్టిస్తున్నాను. అయినా ఎర్ర ముఖమే, అంటే ఊరు తిరగబడేలా ఉందన్న గుర్తే. మురికి తగ్గించే భవనం ఇంకేమైనా మిగిలిందా?
(ఇంజనీరింగ్ విద్యార్థి, విజయనగరం)

జవాబు: ఒకటి మిగిలింది బాబూ, సిటీ ప్లంబింగ్. అదీ కట్టుకో, కొన్ని టర్నులు ఊపిరి ఆడుతుంది. తర్వాత మళ్ళీ నాకు ఇదే ఉత్తరం రాస్తావు.

నేనూ ఇలాగే మోసపోయాను, అందుకే చెబుతున్నాను. కాలవ కడితే ఊళ్ళో ఆరోగ్యం అంకె పెరుగుతుంది. ఆ ఆరోగ్యం శాంతికి కలుస్తుంది, అక్కడిదాకా బాగానే ఉంది. కానీ అదే ఆరోగ్యం జనాభా పెరుగుదలకీ కలుస్తుంది. ఈ ఆటలో పెరుగుదల అర శాతం మెట్లతో కదులుతుంది, శాంతి 5 శాతం మెట్లతో. నువ్వు ఒక మెట్టు శాంతి కొన్నప్పుడల్లా ఒక మెట్టు పెరుగుదల కూడా ఊరికే వచ్చి బుట్టలో పడుతోంది. కొత్త జనం వస్తారు, మురికి మళ్ళీ పాత మట్టం దాటుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పటావియం జనాభా ఎక్కడ ఆగుతుంది? పెరుగుదల ఇచ్చే అంకెలన్నీ కలిపి ఎంత ఉందో, మురికి అంత తినేసినప్పుడు ఆగుతుంది. అంతకుముందు ఆగదు. అంటే నువ్వు పెరుగుదల ఎంత పోస్తే ఊరు అంత మురికి దగ్గర నిలబడుతుంది. పొలాలు, మార్కెట్టు, పంటల దేవత గుడి, తక్కువ పన్ను, ఆరోగ్యం, ఇవన్నీ ఆఖరికి మురికి ఖాతాలోనే జమ అవుతాయి. వీటిలో ఆరోగ్యం కాస్త నయం. తను తెచ్చిన మురికికి సరిపడా శాంతి తనే ఇస్తుంది. పొలాలు అలా కాదు, జనాన్ని ఇస్తాయి, శాంతి పైసా ఇవ్వవు.

నువ్వు పొలాలు ఎక్కడిదాకా కట్టావో రాయలేదు. నాకు తెలుసులే, చివరి మెట్టుదాకా కట్టి ఉంటావు. డబ్బు వస్తుంది కదా అని నేనూ కట్టాను. తీరా చూస్తే ఈ ఆటలో గుళ్ళు పడగొట్టొచ్చు, బారకాసులు పడగొట్టొచ్చు, పొలాలు మాత్రం పడగొట్టలేం. అది తెలిసిన రోజు కంప్యూటర్ ఆపేసి వీధి అరుగు మీదికి పోయి కూర్చున్నాను. మా ఆవిడ బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది.

మా ఊళ్ళో కూరగాయల మార్కెట్ వెనక పెద్ద కాలవ ఉండేది. ఏటా మే నెలలో పూడిక తీయించేవాళ్ళం. కూలీలు పారలతో ఆ నల్లటి బురద తీసి గట్టు మీద కుప్పలు పోసేవాళ్ళు. తడిది ఎత్తలేం కాబట్టి రెండు మూడు రోజులు ఎండనివ్వాలి, తర్వాత ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోవాలి. ట్రాక్టరు ఎప్పుడూ ఆలస్యమే. జూన్‌లో మొదటి వాన దంచగానే గట్టు మీది కుప్ప కరిగి మళ్ళీ కాలవలోకే జారిపోయేది. పుస్తకంలో మాత్రం పూడిక తీసినట్టే ఉండేది. మర్నాడు మార్కెట్లో వంకాయల గంపల కింద మడమల లోతు నీళ్ళు. పటావియంలో నువ్వు అక్విడక్ట్ కట్టి చేసింది ఈ పనే.

సరే, ఇప్పుడేం చెయ్యాలి? ముందు గుడి చూడు. పంటల దేవత సెరెస్ గుడి కట్టి ఉంటే పడగొట్టు, దాని పని పెరుగుదల ఇవ్వడమే. ఊరు చిన్నగా ఉన్నప్పుడు అది వరం, 24 వేలు దాటాక శాపం. ఆ చోట జూపిటర్ గుడి కట్టు. బాకస్ గుడి జనాన్ని ఇంకా సంతోషపెడుతుంది కానీ, ఆ ఊళ్ళో కూర్చున్న గవర్నర్లు తాగుడు మరుగుతారు. మా పటావియం గవర్నర్ ముప్ఫై ఏళ్ళకే పనికిరాకుండా పోయాడు. రెండోది, పన్ను పెంచు. పన్ను పెంచితే పెరుగుదల తగ్గుతుంది. శాంతి కూడా తగ్గుతుంది, అందుకే సైన్యాన్ని చూసుకుని పెంచాలి. ఊళ్ళో కాపలా సైన్యం వల్ల వచ్చే శాంతికి 80 శాతం దగ్గర గోడ ఉంది, దాన్ని దాటి ఎంతమందిని కుక్కినా ఖర్చే. మూడోది కింద ఉత్తరంలో ఉంది.

ఇంకో మాట. 24 వేల తర్వాత ఈ ఆటలో ఊరికి కొత్త మెట్టు లేదు. పెద్ద నగరం అయిపోయింది, భవనాలన్నీ తెరుచుకున్నాయి. ఆ పైన వచ్చే ప్రతి మనిషీ కాస్త పన్ను, కాస్త మురికి, అంతే. 24 వేలు దాటించాలనే కంగారు 18 వేల దగ్గరే మానుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ప్రశ్న: సార్, కిక్కిరిసిన ఊళ్ళో రైతు దళాలు తయారుచేసి, చిన్న ఊరికి తీసుకెళ్ళి రద్దు చేస్తే జనాభా అటు మారుతుందని మా తమ్ముడు అంటున్నాడు. నేను 20 టర్నులు చేశాను, అంటియోక్‌లో చీమ కుట్టినట్టు కూడా లేదు. వాడు అబద్ధం చెప్పాడా?
(ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: మీ తమ్ముడు నిజమే చెప్పాడు. మీ ఆటలో దళం సైజు ఎంత పెట్టారో చూడండి.

దళం తయారుచేస్తే ఆ మనుషులు ఊరి జనాభాలోంచే పోతారు. దళాన్ని ఇంకో ఊళ్ళో రద్దు చేస్తే ఆ ఊరి జనాభాలో కలుస్తారు. కానీ సెట్టింగుల్లో దళం సైజు అని ఒకటి ఉంది. అన్నిటికన్నా పెద్ద సైజులో రైతు దళం అంటే 240 మంది. మామూలు సైజులో 60 మందే. ఊళ్ళ జనాభా మాత్రం ఏ సైజుకైనా ఒకటే. అంటియోక్‌లో 26 వేల మంది ఉండి ఒక శాతం పెరుగుతున్నారనుకోండి, టర్నుకి 260 మంది కొత్తగా వస్తున్నారు. టర్నుకి ఒక దళమే తయారవుతుంది. 240 మందిని పంపితే దాదాపు సరికి సరి. 60 మందిని పంపితే చెంచాతో చెరువు తోడటమే.

పెద్ద సైజులో కాపలా కూడా బాగా పనిచేస్తుంది. జనాభాలో ఎంత వంతు సైనికులు ఉన్నారన్న దాన్నిబట్టే కాపలా లెక్క. చిన్న సైజులో ఆడుతూ మురికి ఎక్కువగా ఉందని మోడ్ (ఆట ఫైళ్ళు మార్చి తయారుచేసే సొంత రూపం) చేసినవాళ్ళని తిట్టేవాళ్ళు చాలామంది. సైజు మధ్యలో మార్చలేం, కొత్త ఆట మొదలుపెట్టాల్సిందే.

మీ తమ్ముడి చిట్కాని మోసం అనుకోకండి. జూలియస్ సీజర్ రోమ్‌లో ఇదే చేశాడు. ఉచిత ధాన్యం తీసుకునేవాళ్ళ జాబితాని 3,20,000 నుంచి 1,50,000కి కుదించాడు, 80,000 మంది పౌరుల్ని సముద్రం అవతల కొత్త ఊళ్ళకి పంపాడు. రోమన్లే క్రీస్తు పూర్వం 146లో నేలమట్టం చేసిన కార్తేజ్, కొరింత్‌లని మళ్ళీ నిలబెట్టింది ఆ ఆలోచనే. ఆటలో కూడా యుద్ధంలో పాడైన ఊళ్ళకి పంపండి. 400 మంది ఉన్న పల్లెకి 240 మంది వచ్చి దిగితే ఎలా ఉంటుందో చూడండి, మీకే సరదాగా ఉంటుంది.

ప్రశ్న: తిరగబడే ఊరిని పోనిచ్చి, మళ్ళీ పట్టుకుని అందర్నీ చంపేస్తే మురికి పోతుంది కదా? చాలామంది అదే చేస్తున్నారు.
(పేరు రాయలేదు)

జవాబు: పోతుంది. పెరుగుదల అంకెలు మాత్రం అక్కడే ఉంటాయి కాబట్టి కొన్నేళ్ళకి మళ్ళీ అంతే. నేను చెయ్యను. 31 ఏళ్ళు చావుల రిజిస్టర్ కూడా మా సెక్షన్లోనే ఉండేది, అందులో గీతలు గీసీ గీసీ విసిగిపోయాను.

ప్రశ్న: నమస్తే అండి. మిత్రుల కోసం సొంతంగా మోడ్ చేస్తున్నాను. మురికి లెక్కని పూర్తిగా తీసేయాలని ఉంది. ఏ ఫైలులో ఉంటుంది? రెండు వారాలుగా వెతుకుతున్నాను.
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు)

జవాబు: దొరకదండీ. 'రోమ్'లో మురికి సూత్రం ప్రోగ్రాం కడుపులో ఉంది, టెక్స్ట్ ఫైళ్ళలో లేదు. 2006లో ఇదే వరసలో వచ్చిన 'మెడీవల్ 2' ఆటలో అయితే సెటిల్‌మెంట్ మెకానిక్స్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంది. అందులో జనాభా మీద మురికి, శాంతి మీద మురికి వేరువేరు వరసల్లో ఉంటాయి, దేనికది ఎంత బరువు ఉండాలో మార్చుకోవచ్చు. 'రోమ్'లో మాత్రం మురికిని ముట్టుకోలేం. దానికి మేత వేసేవాటినే తగ్గించాలి.

నేను చేసుకున్న చిన్న మోడ్‌లో మూడు చోట్ల చెయ్యి పెట్టాను.

ముందుగా ప్రాంతాల ఫైలు, డెస్క్ర్ రీజియన్స్. ప్రతి ప్రాంతం వివరాల్లో నేల సారం అంకె ఒకటి ఉంటుంది. ఏ పొలమూ కట్టకముందే ఆ నేల ఎంత పెరుగుదల ఇస్తుందన్నది అదే. నా మటుకు నాకు మొత్తం రోగానికి మూలం ఈ అంకె. సారం ఎక్కువున్న చోట అంకెని సగానికి దించాను, ఎడారి ఊళ్ళ జోలికి పోలేదు. ఈ ఫైలు మార్చాక పటం ఫోల్డర్లో ఉన్న మ్యాప్ డాట్ ఆర్‌డబ్ల్యూఎం ఫైలుని తీసెయ్యాలి. ఆట దాన్ని మళ్ళీ తనే తయారుచేసుకుంటుంది. తీయకపోతే మీరు మార్చింది ఆటకి కనబడదు. ఇది తెలియక నేను ఒక వారం అంతా మార్చిన అంకెల్నే మళ్ళీ మళ్ళీ మార్చాను. కొత్త ఆట కూడా మొదలుపెట్టాలి, పాత సేవ్‌లో కుదరదు.

తర్వాత భవనాల ఫైలు. కాలవలు, స్నానశాలల దగ్గర ఆరోగ్యం బోనస్ అని ఉంటుంది. అందులో కొంత తీసి ఆ చోట చట్టం బోనస్ గానీ సంతోషం బోనస్ గానీ రాశాను. అప్పుడు కాలవ శాంతి ఇస్తుంది, జనాన్ని మోసుకురాదు. ఆరోగ్యాన్ని సున్నా చేయకండి. కాలవ కట్టినా ఆరోగ్యం కదలని ఊరు చూడటానికి నాకు మనసొప్పలేదు. పొలాల విషయం మొండిది. పొలం మెట్టు అనే ఒకే అంకె ఆదాయాన్నీ పెంచుతుంది, జనాన్నీ పెంచుతుంది. అందుకని చివరి రెండు మెట్లనీ ఖరీదు చేసి, కట్టడానికి పట్టే టర్నులు పెంచి వదిలేశాను. డబ్బు కావాలనుకునేవాడు ఆలోచించుకుని కడతాడు.

మూడోది, ఆట మొదట్లో ఏ ఊళ్ళో ఎంత జనం ఉండాలో రాసే ఫైలు. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 24 వేల గీతకి దగ్గర్లో ఏ ఊరినీ మొదలుపెట్టకండి.

అంకె మార్చగానే మిత్రులకి పంపించేయకండి. నేనొక పాత లాంగ్ నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఆఫీసులో చెత్త బండ్ల హాజరు రాసినట్టే, ఎడమ పక్క టర్ను, తర్వాత జనాభా, పెరుగుదల, మురికి, శాంతి. సారవంతమైన ఊరు ఒకటి, మధ్యరకం ఒకటి, ఎండుది ఒకటి, మూడే ఊళ్ళు. ఒక్కసారి ఒక్క అంకె మార్చి, 40 టర్నులు నడిపి, మూడు ఊళ్ళూ రాసుకోవడం. రెండు అంకెలు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. అలెగ్జాండ్రియాకి బాగా కుదిరిందనుకున్న అంకె టారెంటమ్‌ని ఎదగనీయకుండా చేసిందని నాకు పుస్తకంలోనే తెలిసింది. పన్నెండు వేల దగ్గర ఆగిపోయి అక్కడే ముసలిదైపోయింది పాపం.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. మీరు రోమన్లతోనే ఆడి పరీక్షిస్తారు. ఆటలో గాల్ అనే తెగ ఒకటి ఉంది, వాళ్ళ ఊళ్ళు 6 వేల మెట్టు దగ్గరే ఆగుతాయి, వాళ్ళకి మురికి కాలవలు లేనేలేవు. కాలవల్ని గట్టిచేసి మొత్తం లెక్క సరిపోయిందనుకుంటే మీరు రోమన్లకి మాత్రమే బాగుచేసినట్టు. గాల్ తెగ రాజు ఊరు నిండిపోయి, కట్టడానికి ఏమీ లేక, లోపల్నుంచే తిరగబడుతుంది. అటు పక్క నుంచి కూడా ఒకసారి ఆడి చూడండి.

పూర్తిగా తీసేయాలన్న ఆలోచన మానేయండి. మురికి లేకపోతే ఊరి పెరుగుదలకి కళ్ళెం ఉండదు. ప్రతి ఊరూ 24 వేలు దాటుతుంది, ఎవడు ఎక్కువ ఊళ్ళు పట్టుకుంటే వాడిదే ఆట. మీ మిత్రులు రెండు వారాలు ఆడి పక్కన పెడతారు.

ప్రశ్న: నేను చరిత్ర చెబుతాను. నిజం రోమ్ కూడా ఇలాగే కాన్పులతోనే పెరిగి, మురికితోనే ఆగిందా? పిల్లలు అడుగుతున్నారు.
(అధ్యాపకురాలు, ఖమ్మం)

జవాబు: కాన్పులతో కాదమ్మా. అగస్టస్ కాలానికి రోమ్ జనాభా పది లక్షల దాకా ఉంటుందని చరిత్రకారుల అంచనా. అంత నగరంలో పుట్టేవాళ్ళ కంటే పోయేవాళ్ళే ఎక్కువ అని చాలామంది పండితులు అంటారు. పల్లెల నుంచి వచ్చేవాళ్ళూ, బానిసలుగా తెచ్చినవాళ్ళూ ఆ లోటు పూడ్చేవాళ్ళు. ఆటలో పొలం కడితే ఊళ్ళో పిల్లలు పుడతారు. అసలు రోమ్‌లో ఈజిప్టు, ఆఫ్రికా గోధుమ పడవల్లో వచ్చేది. ఆ ధాన్యం కోసం జనం నడిచొచ్చేవాళ్ళు. గైయస్ గ్రాకస్ అనే రోమన్ నాయకుడు క్రీస్తు పూర్వం 123లో చౌక ధాన్యం చట్టం తెచ్చాడు. రేషన్ కార్డు ఉన్న ఊరికి జనం చేరతారు, అది మీకూ నాకూ తెలిసిందే కదా.

నీళ్ళ విషయంలో ఆట కాస్త న్యాయంగానే ఉంది. మొదటి అక్విడక్ట్ ఆక్వా అప్పియా క్రీస్తు పూర్వం 312లో వచ్చింది, క్రీస్తు శకం మూడో శతాబ్దానికి మొత్తం 11 అయ్యాయి. క్రీస్తు శకం 97లో ఫ్రంటినస్ అనే ఆయన వాటికి అధికారిగా వచ్చి, ఏ కాలవలో ఎంత నీళ్ళు బయల్దేరుతున్నాయి, ఎంత చేరుతున్నాయి, మధ్యలో ఎవరు కన్నాలు పెట్టి దొంగిలిస్తున్నారు అని మొత్తం లెక్క రాసి పెట్టాడు. అది చదువుతుంటే నాకు మా ఆఫీసు అటెండెన్స్ రిజిస్టర్ వాసన వచ్చింది. అక్రమ కుళాయిలు అప్పుడూ ఉన్నాయి.

పెద్ద మురికి కాలవ క్లోయేకా మాక్సిమా గురించి పిల్లలకి చెబుతారు కదా. అది ముందు చిత్తడి నేల నీళ్ళు తీయడానికి తవ్వింది. అంతస్తుల మీద అంతస్తులున్న అద్దె మేడల్లో పైన ఉండేవాళ్ళలో చాలామందికి దానితో సంబంధమే లేదు, కుండలు మోసుకుని కిందికి దిగాల్సిందే, లేదా కిటికీలోంచి పారబోయడమే. ఆ మేడలు కూలిపోతుంటే అగస్టస్ 70 అడుగుల కంటే ఎత్తు కట్టకూడదని హద్దు పెట్టాడు. ఆటలో ఆ హద్దు పెట్టే బటన్ ఉంటే బావుండేది.

ప్రశ్న: మామయ్యగారూ, 'మెడీవల్ 2' మీద గోల్కొండ మోడ్ చేద్దామని మేం నలుగురం అనుకుంటున్నాం. కుతుబ్ షాహీల కాలం. గోల్కొండ కిక్కిరిసిపోయి హైదరాబాద్ కట్టారంటారు కదా, ఆటలో అది చూపించగలమా?
(డిగ్రీ విద్యార్థిని, సికింద్రాబాద్)

జవాబు: ఈ ఉత్తరం చదివి రాత్రి పదకొండుదాకా కూర్చున్నానమ్మా. మురికి మోడ్‌కి ఇంతకన్నా మంచి కథ ఎక్కడ దొరుకుతుంది? గోల్కొండ కోటలో జనం నిండిపోయారు, నీళ్ళు చాలలేదు, మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో మూసీ అవతలి ఒడ్డున కొత్త నగరం వేశాడు. ఊరు గీసిచ్చింది మీర్ మోమిన్ ఆస్త్రాబాదీ. అలాగని గోల్కొండవాళ్ళు చేతకానివాళ్ళు కాదు. దుర్గం చెరువు నీళ్ళని మట్టి గొట్టాల్లో తెచ్చి, చక్రాలతో మెట్టు మెట్టుగా కోట పైకి ఎక్కించారు. ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ గోడల్లో కనబడతాయి, ఒకసారి వెళ్ళి చూసి రండి. అంటే ఆట భాషలో వాళ్ళు అక్విడక్ట్ కట్టేశారు. కట్టినా ఊరు నిండింది.

ఇక చిక్కులు. ఈ ఆటలో కొత్త ఊరు పుట్టించలేం. పటం మీద మొదటి రోజు నుంచే హైదరాబాద్ ఉండాలి. కాబట్టి మూసీకి దక్షిణాన ఒక చిన్న ప్రాంతం గీసి, అందులో ఒక పల్లె పెట్టండి. 1591 వచ్చేదాకా దానికి పల్లె పేరే ఉంచండి. రెండూ మరీ పక్కపక్కనే కాబట్టి పటం మీద కాస్త దూరం జరపక తప్పదు, ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి.

రెండో చిక్కు పెద్దది. పైన కర్నూలు ఆయనకి చెప్పిన రైతు దళాల చిట్కా 'మెడీవల్ 2'లో పనిచేయదు. అందులో సైన్యాన్ని తయారుచేస్తే ఊరి జనాభా తగ్గదు, రద్దు చేస్తే పెరగదు. కాబట్టి స్క్రిప్టు, అంటే ఆట నడిచేటప్పుడు పాటించే ఆదేశాల ఫైలు, రాసుకోవాలి. గోల్కొండ జనాభా ఫలానా అంకె దాటితే కొంతమందిని అక్కడ తీసి ఇక్కడ కలిపేలా. అంతా ఒకేసారి కదపకండి. టర్నుకి కొద్దికొద్దిగా కదిలితేనే ఆడేవాడికి ఊరు తరలిపోతున్నట్టు అనిపిస్తుంది. నేనైతే గోల్కొండ నేల సారాన్ని మధ్యరకంగా పెట్టి, మెకానిక్స్ ఫైలులో పెరుగుదల మీద మురికి బరువు తగ్గించి, శాంతి మీద బరువు పెంచుతాను. అప్పుడు కోట నిండుతూనే ఉంటుంది కానీ లోపల కొట్లాటలు మొదలవుతాయి. అది చూసి రాజధాని మార్చాలన్న ఆలోచన ఆడేవాడికే రావాలి.

ఇంకోటి మరిచిపోకండి. పురానా పూల్ 1578 నాటిది. నగరానికి 13 ఏళ్ళ ముందే ఇబ్రహీం కుతుబ్ షా మూసీ మీద వంతెన వేసి పెట్టాడు. మీ స్క్రిప్టులో కూడా వంతెన కట్టనివాడికి జనం కదలకూడదు.

మూసీ అంటే మా శాఖవాళ్ళకి వేరే తేదీలు గుర్తొస్తాయి. 1908 సెప్టెంబర్ 28 వరద, 1911 ప్లేగు, 1912లో వేసిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. మీ మోడ్ అక్కడిదాకా రాదు. కొత్త ఊరు కూడా మూడు వందల ఏళ్ళకి నిండుతుందని ఆడేవాళ్ళకి ఎక్కడో ఒక వాక్యంలో చెప్పండి చాలు.

మొదటి 60 టర్నుల సేవ్ ఫైలు తయారవగానే పంపండి. గోల్కొండ మురికి అంకె ఏ టర్నులో ఎంత ఉందో మీరే ఒక కాగితం మీద రాసి పెట్టండి, నా కళ్ళకి ఆ చిన్న అక్షరాలు ఆనటం లేదు.